దండం లేని శాంతి: చాండిల్ నుంచి సీతారాండేరా దాకా వినోబా ప్రశ్న

జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాకు ఆనుకుని భుయ్యాడీహ్ బస్తీ ఉంటుంది. దాన్ని ఒరుసుకుంటూ సువర్ణరేఖ నది పారుతుంది. ఆ నది వెంట ఎగువకు ముప్పై కిలోమీటర్లకు పైగా వెళ్తే చాండిల్ వస్తుంది. ఇప్పుడు చాండిల్ అంటే అందరికీ గుర్తొచ్చేది అక్కడి డ్యామ్. 1952 డిసెంబరులో మాత్రం దేశం ఆ ఊరి వైపు చూసింది వేరే కారణంతో. కాలినడకన బిహార్ తిరుగుతున్న ఒక 57 ఏళ్ల మనిషి అక్కడ తీవ్రమైన మలేరియాతో పడిపోయారు. మందు వేసుకోనని భీష్మించుకున్నారు. పెద్దలంతా బతిమాలాక, చావు అంచుదాకా వెళ్లాక, చివరికి ఒప్పుకున్నారు. కోలుకునే దాకా అక్కడే ఉండిపోయారు. 1953 మార్చిలో సర్వోదయ సమ్మేళనం కూడా చాండిల్‌లోనే జరిగింది.

ఆ సమ్మేళనంలో వినోబా భావే చేసిన ప్రసంగం ఆయన జీవితం మొత్తానికి తాళంచెవి లాంటిది. లోకంలో రెండు శక్తులు మనకు తెలుసు, ఒకటి హింస, రెండోది ప్రభుత్వం చేతిలో ఉండే దండశక్తి. ప్రజలే ముందుకొచ్చి నిలబెట్టుకునే మూడో శక్తి ఒకటి కావాలని ఆయన వాదన. అది హింసకు ఎదురు నిలవాలి. అలాగని ప్రభుత్వ దండానికి తోక కాకూడదు. ఊళ్లో గొడవ జరిగితే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా, అసలు పోలీసుల అవసరమే రాకుండా, ఊరే చూసుకోగలగాలి. దీనికి ఆయన పెట్టిన పేరు లోకశక్తి.

చెప్పడానికి ఎంత తేలికగా ఉంటుందో, చెయ్యడానికి అంత కష్టం. ఆ కష్టం ఎక్కడ మొదలైందో చూడాలంటే తెలుగు నేలకే రావాలి.

వినాయక్ నరహరి భావే 1895 సెప్టెంబరు 11న కొంకణ ప్రాంతంలోని గాగోదె గ్రామంలో పుట్టారు. తల్లి రుక్మిణీదేవి భక్తురాలు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం బరోడాకు మారింది. చదువులో, ముఖ్యంగా లెక్కల్లో దిట్ట. అయినా తన సర్టిఫికెట్లను తానే పొయ్యిలో వేసి కాల్చేశారు. 1916లో ఇంటర్మీడియట్ పరీక్ష రాయడానికి బొంబాయి రైలెక్కి, మధ్యలో సూరత్‌లో దిగిపోయి కాశీ దారి పట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ప్రారంభ వేడుకల్లో గాంధీ చేసిన ప్రసంగం గురించి అక్కడే తెలిసింది. ఆ ఏడాది జూన్‌లో అహ్మదాబాద్ వెళ్లి కోచ్‌రబ్ ఆశ్రమంలో చేరారు. ఆ తర్వాతి పాతికేళ్లు నూలు వడకడం, చదవడం, జైళ్లకు వెళ్లడం. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీ మొదటి సత్యాగ్రహిగా ఎంచుకునేదాకా వార్ధా బయట ఆ పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. క్విట్ ఇండియా రోజుల్లో వెల్లూరు జైల్లో ఉన్నప్పుడు దక్షిణాది భాషలు నాలుగూ నేర్చుకున్నారు. తెలుగు అలా వచ్చింది. అది ఎందుకు పనికొస్తుందో అప్పుడు ఆయనకూ తెలిసి ఉండదు.

గాంధీ హత్య తర్వాత ఆయన అనుచరుల ముందు ఒక ఖాళీ మిగిలింది. ప్రభుత్వంలోకి వెళ్లినవాళ్లకు పోలీసు, సైన్యం, చట్టం చేతికొచ్చాయి. బయట ఉండిపోయినవాళ్లకు ఏమీ లేదు. 1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ఏర్పాటైంది. వినోబా పవనార్ నుంచి నడిచే వచ్చారు.

అప్పటి తెలంగాణ పరిస్థితి తెలుగు పాఠకులకు కొత్త కాదు. దొరలమీద, నిజాం రజాకార్లమీద మొదలైన సాయుధ పోరాటం, 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ తర్వాత భారత సైన్యంతో తలపడుతోంది. కమ్యూనిస్టుల లెక్క ప్రకారం మూడు వేల గ్రామాల్లో సంఘాల పాలన నడిచింది. పది లక్షల ఎకరాలు పంచారు. నాలుగు వేల మంది దాకా చనిపోయారు. ఇక్కడ ఒక విషయం తరచూ మరుగున పడుతుంది. ఆ సంఘాలు భూమిని మాత్రమే పంచలేదు. గ్రామ కమిటీలు తగువులు తీర్చాయి, వెట్టి చేయించినవాళ్లను నిలదీశాయి, రాత్రిళ్లు కాపలా కాశాయి. పటేల్, పట్వారీ, అమీను అనే మూడు భయాల స్థానంలో ఊరే తన పోలీసు అయింది. కాకపోతే చేతిలో తుపాకీ ఉంది. దానికి జవాబుగా వచ్చిన రాజ్యం చేతిలో అంతకన్నా పెద్ద తుపాకీ ఉంది. పగలు పోలీసులు, రాత్రి దళాలు. మధ్యలో నలిగింది జనమే.

వినోబా ముందుగా హైదరాబాద్ జైలుకు వెళ్లి, అక్కడున్న కమ్యూనిస్టు ఖైదీలను కలిశారు. తర్వాత నల్లగొండ వైపు నడిచారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై దళిత కుటుంబాలు ఆయన ముందుకొచ్చి ఎనభై ఎకరాలు ఇప్పిస్తే బతుకుతామన్నాయి. ప్రభుత్వానికి అర్జీ పంపిద్దామన్న ఆలోచనలో ఉన్న ఆయన, ఎందుకో ఆగి, ఊరివాళ్లనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం పుట్టిన సంగతి అందరికీ తెలిసిందే. మరో యాభై రోజుల్లో దాదాపు రెండు వందల ఊళ్లలో పన్నెండు వేల ఎకరాలకు పైగా దానంగా వచ్చింది.

ఆ ఘట్టాన్ని దానధర్మం కథగా చెప్పుకోవడం అలవాటైపోయింది. వినోబా లెక్క వేరు. సాయుధ పోలీసులు దోపిడీని అణచలేరు, దోపిడీ మీద తిరగబడ్డవాళ్లనే అణచగలరు. గొడవకు మూలం ఆకలి అయినప్పుడు స్టేషన్లు పెంచితే ఆకలి తగ్గదు. శాంతిభద్రతల సమస్య అని సర్కారు పేరు పెట్టినదాన్ని ఆయన భూమి సమస్యగా చదివారు. ఈ మాటను కమ్యూనిస్టులు అంతకు ముందే అన్నారు, ఇంకా గట్టిగా అన్నారు. తేడా పద్ధతిలో ఉంది. ఆ తేడా ఎవరికి లాభించిందన్న ప్రశ్నను వామపక్షాలు ఇప్పటికీ వదల్లేదు. పోరాటంలో రైతులు స్వాధీనం చేసుకున్న భూములు సైన్యం నీడలో తిరిగి దొరల చేతికి పోతున్న రోజుల్లో, అదే దొరలు కొన్ని ఎకరాలు దానమిచ్చి పుణ్యాత్ములయ్యారన్నది వాళ్ల విమర్శ. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. వినోబా నడిచిన దారి ముందే సైన్యం బూట్ల కింద చదునైన దారి. ఈ ఇబ్బంది ఆయన్ని చివరిదాకా వెంటాడింది.

తెలంగాణ నుంచి ఉత్తరప్రదేశ్, అక్కడి నుంచి 1952 సెప్టెంబరులో బిహార్. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఇరవై లక్షల ఎకరాలకు పైగా వాగ్దానాలు వచ్చాయి. అందులో చాలా భాగం రాళ్లూ రప్పలూ, కోర్టు తగాదాల్లో ఉన్న చెలకలే. చాండిల్ మజిలీ ఆ యాత్రలోదే.

చాండిల్ చుట్టుపక్కల నేలకు లోకశక్తి అనే మాట కొత్తేమీ కాదు. పక్కనున్న కొల్హాన్‌లో హో ఆదివాసీల మానకీ–ముండా వ్యవస్థ అప్పటికే తరాల నుంచి నడుస్తోంది. ఊరికో ముండా, కొన్ని ఊళ్లకు కలిపి ఒక మానకీ. 1830ల్లో కోల్ తిరుగుబాటును అణచిన ఆంగ్లేయులు ఆ పెద్దల్ని పక్కకు నెట్టి పాలించలేమని తెలుసుకుని, 1837లో విల్కిన్సన్ నిబంధనల ద్వారా వాళ్లకే చిన్న తగాదాలు తీర్చే అధికారం, ఊరి పోలీసు బాధ్యత అప్పగించారు. అంటే ఊరి కట్టుబాటును సర్కారు తన అవసరానికి వాడుకుంది. ఆ తెగల కుటుంబాలే తర్వాత టాటా కర్మాగారం చుట్టూ ఉన్న బస్తీలకు చేరాయి. సీతారాండేరాలో ఇప్పటికీ ఆదివాసీ సంఘాలు చురుగ్గా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లిన తెలుగు కార్మికులు కూడా అదే పట్టణంలో స్థిరపడ్డారు. ఊరి కట్టుబాటు వదిలి, పది భాషల మనుషులు ఒకే వీధిలో ఉండే చోటికి వచ్చినప్పుడు, ఎవరి పెద్ద ఎవరికి పెద్ద? ఊళ్లను నమ్ముకున్న వినోబా ఈ ప్రశ్న మీద తగినంత సేపు నిలవలేదు. ఆయన సిద్ధాంతంలో పెద్ద లోటు ఇదే.

1953 సెప్టెంబరులో, ఇప్పటి జార్ఖండ్‌లోని దేవ్‌ఘర్‌లో ఇంకో పరీక్ష ఎదురైంది. వైద్యనాథ ఆలయంలోకి దళితులతో కలిసి వెళ్లబోయిన ఆయన బృందాన్ని పండాలు కొట్టారు. వినోబాకు చెవి దగ్గర దెబ్బ తగిలింది. కొట్టినవాళ్లను శిక్షించవద్దని ఆయన కోరారు. పోలీసు కేసు పెడితే గుడి తలుపు తెరుచుకుంటుంది కానీ మనసు తెరుచుకోదని ఆయన నమ్మకం. దెబ్బలు తిన్న దళితుల వైపు నుంచి చూస్తే ఈ క్షమ అంత తేలిగ్గా మింగుడు పడదు. క్షమించే హక్కు ఎవరిదన్న ప్రశ్న అక్కడ మిగిలే ఉంది.

ఆలోచనకు ఒక సంస్థ రూపం వచ్చింది 1957లో, కేరళలో. గొడవల సమయంలో మధ్యలో నిలబడే శాంతిసేన ఉండాలని గాంధీ చాలాకాలం చెప్పారు కానీ కట్టలేకపోయారు. ఆగస్టు 23న మంజేశ్వరంలో ఎనిమిది మంది ప్రతిజ్ఞతో వినోబా దాన్ని మొదలుపెట్టారు. కె. కేళప్పన్ ముందు నిలిచారు. ఐదు వేల జనాభాకు ఒక శాంతి సైనికుడు చొప్పున దేశానికి డెబ్భై వేల మంది కావాలని లెక్క వేశారు. ఆ సైనికుడు అల్లర్ల రోజున దిగే మనిషి కాకూడదు. మామూలు రోజుల్లో ఇంటింటికీ తిరగాలి. జబ్బు పడ్డవాళ్లను చూడాలి, పిల్లలకు చదువు చెప్పాలి, ఏ ఇంటికి ఏ ఇంటితో పడదో తెలిసి ఉండాలి. పుకారు పుట్టిన గంటలోనే దాన్ని పట్టుకోగలగాలి. ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో రావాలని ఆయన పట్టుదల.

ఖర్చు మాటేమిటి? దానికి ఆయన చూపిన మార్గం సర్వోదయ పాత్ర. ప్రతి ఇంట్లో ఒక కుండ, అందులో రోజూ ఇంట్లో అందరికన్నా చిన్న బిడ్డ చేత్తో పిడికెడు గింజలు. బిడ్డ పిడికిలే ఎందుకంటే అది ఏ ఇంటికీ బరువు కాదు. ఇంకో కారణం అంతకన్నా లోతైంది. గింజలు పడేంత కాలం ఆ వీధికి ఆ సైనికుడి మీద నమ్మకం ఉన్నట్టు, కుండ ఖాళీగా వస్తే నమ్మకం పోయినట్టు. జీతం సర్కారు నుంచి రానప్పుడు జవాబుదారీతనం సర్కారుకు ఉండదు, వీధికి ఉంటుంది. సామాజిక పోలీసింగ్ పేరుతో ఇవాళ ప్రపంచమంతటా జరుగుతున్న చర్చల్లో తేలని ముడి కూడా ఇదే: పోలీసు ఎవరికి జవాబు చెప్పాలి? వినోబా దాన్ని ఒక మట్టికుండతో విప్పాలని చూశారు. కుండలు కొన్నాళ్లు నిండాయి. తర్వాత జనం మర్చిపోయారు. డెబ్భై వేల లక్ష్యానికి దరిదాపుల్లోకి కూడా శాంతిసేన ఎన్నడూ చేరలేదు.

అయినా 1960 మే నెలలో చంబల్ లోయలో జరిగింది చూసి దేశం విస్తుపోయింది. బందిపోటు మాన్ సింగ్ కొడుకు తహసీల్దార్ సింగ్ ఉరిశిక్ష పడి నైనీ జైల్లో ఉన్నాడు. అక్కడి నుంచి వినోబాకు కబురు పంపాడు. మేజర్ జనరల్ యదునాథ్ సింగ్ మధ్యవర్తిగా లోయలోకి వెళ్లారు. భిండ్, మొరేనా జిల్లాల్లో నడుస్తున్న వినోబా ముందు, లోక్‌మన్ దీక్షిత్‌తో సహా ఇరవై మంది తుపాకులు దించారు. వాళ్లకు క్షమాభిక్ష హామీ లేదు. కోర్టుకు వెళ్లారు, జైలుకు వెళ్లారు. వాళ్ల కుటుంబాల మీద పగ తీర్చుకోకుండా ఊళ్లను ఒప్పించే పని సర్వోదయ కార్యకర్తలు నెత్తికెత్తుకున్నారు.

మధ్యప్రదేశ్ పోలీసు అధిపతి కె.ఎఫ్. రుస్తంజీ దీన్ని బాహాటంగా విమర్శించారు. ఆయన మాటను అసూయగా కొట్టేస్తే అన్యాయం అవుతుంది. లోయలో పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హంతకులకు దండలు వేస్తే చచ్చిపోయిన కానిస్టేబుల్ భార్యకు ఏం జవాబు చెప్పాలి? మరోపక్క, చంబల్‌లో బందిపోట్లు పుట్టేది భూతగాదాల నుంచి, కుటుంబ పగల నుంచి, పోలీసులే ఒక వర్గం పక్షాన చేరడం నుంచి అన్నది కూడా అంతే నిజం. లోయలోని వాళ్లు తమను డాకూలు అనుకోలేదు, బాగీలు అనుకున్నారు. తిరగబడినవాడికి కలవడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి పోలీసు కాకూడదు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ సమక్షంలో నాలుగు వందల మందికి పైగా లొంగిపోయినప్పుడు, మొదటిసారి వేసిన బాటే పనికొచ్చింది. ఆసారి ప్రభుత్వంతో ముందే మాట్లాడుకుని, ఉరి లేకుండా చూసుకున్నారు. వినోబా నైతికంగా చేసిందాన్ని జేపీ ఆచరణలో సరిదిద్దారని చెప్పొచ్చు.

పట్టణాల దగ్గరే బండి ఆగింది. 1963 డిసెంబరులో శ్రీనగర్ హజ్రత్‌బల్ ఘటన, దాని వెంట తూర్పు పాకిస్తాన్‌లో హిందువుల మీద దాడులు, అక్కడి నుంచి శరణార్థుల రైళ్లు. ఆ రైళ్లు మార్చిలో ఉక్కు పట్టణాల మీదుగా సాగినప్పుడు, వాళ్ల కథలు విన్న జంషెడ్‌పూర్, రూర్కెలా మండిపోయాయి. ముస్లిం కార్మికులు, వాళ్ల పిల్లలు చనిపోయారు. ఒకే కొలిమి ముందు ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లు ఒకరినొకరు చంపుకున్నారు. శాంతి సైనికులు రూర్కెలా లాంటి చోట్ల పనిచేశారు, కానీ మంట చల్లారాక బూడిద ఎత్తే పనే ఎక్కువగా మిగిలింది. పుకారు పుట్టిన గంటలో అక్కడ ఉండవలసినవాళ్లు అక్కడ లేరు. ఆ రోజుల్లో పదమూడేళ్ల పాదయాత్ర ముగింపుకొస్తోంది. ఏప్రిల్‌లో వినోబా పవనార్ చేరుకున్నారు.

తర్వాతి పతనం అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పొచ్చు. బిహార్‌లో జేపీ ఉద్యమం మొదలయ్యాక సర్వోదయం రెండుగా చీలింది. శాంతిసేనలో చాలామంది జేపీ వెంట నడిచారు. 1974 డిసెంబరు 25న వినోబా ఏడాది మౌనం పట్టారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. వేలమందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు, అందులో జేపీ ఉన్నారు, సర్వోదయ కార్యకర్తలున్నారు. ఆ కాలాన్ని అనుశాసన పర్వంగా ఆయన పలక మీద రాశారన్నది పాలకులకు నినాదమైంది. ఆచార్యుల అనుశాసనం వేరు, పాలకుల శాసనం వేరు అని ఆయన తర్వాత వివరణ ఇచ్చారు. ఆ వివరణ ఎవరి చెవికీ ఎక్కలేదు. దండశక్తికి భిన్నమైన శక్తి కావాలని చాండిల్‌లో చెప్పిన మనిషి, దండశక్తి విశ్వరూపం ఎత్తిన రోజున దానికి ఎదురు నిలవలేదు. సర్కారీ సాధువన్న పేరు అంటుకుంది. పూర్తిగా న్యాయమైన పేరు కాదు గానీ, ఆయన తెచ్చుకున్నదే.

1979 ఏప్రిల్ 11న జంషెడ్‌పూర్ మళ్లీ అంటుకుంది. శ్రీరామనవమి ఊరేగింపు ముస్లింలు ఉండే ఒక వీధి గుండా వెళ్లాలా వద్దా అన్న పేచీ ఏడాదిగా నలుగుతోంది. అధికారులకు తెలుసు, రెండు పక్షాల పెద్దలకు తెలుసు, పట్టణం మొత్తానికి తెలుసు. అయినా ఆపలేకపోయారు. అధికారిక లెక్కలో 108 మంది చనిపోయారు. సీతారాండేరా పక్కనున్న భుయ్యాడీహ్‌లో, ముస్లిం మహిళల్ని, పిల్లల్ని సురక్షిత ప్రాంతానికి తరలిస్తున్న అంబులెన్సును తగలబెట్టారు. కాపాడటానికి వచ్చిన బిహార్ మిలిటరీ పోలీసుల మీదే పక్షపాత ఆరోపణలు వచ్చాయి. పోలీసే ఒక పక్షమైతే జనం ఎవరి దగ్గరికి పోవాలన్న వినోబా పాత ప్రశ్న రక్తంలో తడిసి మళ్లీ ముందుకొచ్చింది.

ఆ పట్టణంలో ఒక శాంతి సైనికుడు ఉన్నాడు. ఏ సేనలోనూ పేరు రాయించుకున్న మనిషి కాదు. ఉర్దూ కథారచయిత జకీ అన్వర్ రెండు మతాలవాళ్లూ కలిసి ఉండాలని కోరుతూ అల్లర్లకు ముందు నిరాహార దీక్ష చేశారు. ఆ అల్లర్లలోనే ఆయన్ని చంపేశారు. ఒక్కడే. ఐదు వేల మందికి ఒకరు చొప్పున వినోబా వేసిన లెక్క ప్రకారం ఆ పట్టణంలో అలాంటివాళ్లు పదుల సంఖ్యలో, ఒకరికొకరు తెలిసినవాళ్లుగా, ఇంటింటి గింజలతో బతుకుతూ ఉండాల్సింది.

సరిగ్గా పదకొండు రోజుల తర్వాత, ఏప్రిల్ 22న, వినోబా కూడా నిరాహార దీక్షకు కూర్చున్నారు. పశ్చిమ బెంగాల్, కేరళల్లో గోవధ నిషేధం కోసం. ప్రధాని మొరార్జీ దేశాయ్ హామీ ఇచ్చాక ఐదో రోజున విరమించారు. ఆయనకు ఆ విషయం మీద దశాబ్దాల పట్టుదల ఉందన్నది నిజమే. దీక్ష తేదీ ముందే అనుకున్నదన్నదీ నిజమే. అయినా ఆ రెండు దీక్షల్ని పక్కపక్కన పెట్టి చూడకుండా వినోబా జీవితం గురించి చెప్పడం కుదరదు. దండశక్తికి బదులు లోకశక్తి అన్న మనిషి, తన చివరి పెద్ద పోరాటంలో అడిగింది ప్రభుత్వం చేసే నిషేధ చట్టాన్నే. చట్టం అంటే అమలు చేసేది పోలీసే.

1982 నవంబరులో జబ్బు పడ్డాక ఆహారం, మందులు మానేశారు. ముప్పై ఏళ్ల కిందట చాండిల్‌లో వద్దన్న మందును ఈసారి ఎవరి మాటతోనూ పుచ్చుకోలేదు. నవంబరు 15న, దీపావళి నాడు, పవనార్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది భారతరత్న ప్రకటించారు.

పోచంపల్లి ఇప్పుడు అధికారికంగానే భూదాన్ పోచంపల్లి. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన గ్రామదాన చట్టం వచ్చింది. భూదాన భూముల ఆక్రమణల కేసులు హైదరాబాద్ చుట్టూ భూమి ధరలు పెరిగేకొద్దీ పెరిగాయి. శాంతిసేన పేరు పుస్తకాల్లో మిగిలింది. ఆ మాటలో సగం మాత్రం జంషెడ్‌పూర్‌లో బతికే ఉంది. శ్రీరామనవమికి, మొహర్రానికి ముందు సీతారాండేరా లాంటి ఠాణాల పరిధిలో శాంతి సమితి సమావేశాలు జరుగుతాయి. అఖాడాల నిర్వాహకులు, మసీదు కమిటీలవాళ్లు, బస్తీ పెద్దలు వస్తారు. ఊరేగింపు ఏ దారిన పోవాలో, ఎన్ని గంటలకు ముగించాలో మాట్లాడుకుంటారు. ఈ కూర్పు వల్ల చాలా గొడవలు ముందే ఆగిపోతున్నాయి, అది చిన్న విషయం కాదు. వాళ్లకు కబురు పంపేది, కుర్చీలు వేసేది, ఎవరిని పిలవాలో నిర్ణయించేది మాత్రం పోలీస్ స్టేషనే.